మన గోల్‌పోస్టు వెనక

నవంబర్ 4, శనివారం

ఐదు గోల్స్. అదీ మన గ్యాస్ వీధి మైదానంలో, గాలి కూడా మనవైపే వీస్తున్న రోజున.

ఇంటికొచ్చాక నాన్న మఫ్లరైనా తీయకుండా వంటింట్లో కూర్చుని, "డెబ్బై నాలుగులోనూ ఐదు పడ్డాయి. కానీ అప్పుడు మన గోల్‌కీపర్‌కి చెయ్యి విరిగింది" అన్నాడు.

"ఇతనికి విరగలేదుగా."

"అదేగా నా ఏడుపు."

క్రెయిగ్ లూమిస్. ముప్పై మూడేళ్లు. వారమంతా ఊళ్లో బాయిలర్లు బాగుచేస్తాడు, శనివారం మన గోల్ పాడుచేస్తాడు. ఈ వాక్యం బాగుంది, దాచుకోవాలి.

మా అభిమానుల పత్రిక నడిపే మోరీన్ ఫోన్ చేసింది. పత్రిక మంగళవారం గ్రంథాలయంలో జిరాక్స్ తీస్తుందట. "నీ పేజీ అప్పటికి ఇచ్చెయ్యి బంగారం. ఈసారి మెత్తగా రాయకు."

నేను మెత్తగా ఎప్పుడు రాశాను? డెబ్బై రెండేళ్లొచ్చినా ఆవిడకు రక్తం చూస్తేగాని అన్నం సయించదు.

నవంబర్ 7, మంగళవారం

ఇచ్చేశాను. లూమిస్‌కి జల్లెడ అని పేరు పెట్టాను. కింద సంతకం మామూలే, 'మూడో మెట్టు', గోల్ వెనక మెట్ల మీద నేను నిలబడే చోటు. అది ఎవరో నాన్నకీ, మోరీన్‌కీ, డోలు టెరీకీ తప్ప ఎవరికీ తెలియదు. తెలియకపోవడమే దానికి బలం.

నవంబర్ 18, శనివారం

టెరీ ఆ పేరును డోలుకు కట్టేశాడు. మూడు దెబ్బలు. జల్, లె, డ. రెండు వందల గొంతులు ఒక్కసారిగా లేచాయి. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఫోన్లో చెత్తడబ్బాల ఫిర్యాదులు వినే మనిషిని, నా మాటను రెండు వందల మంది అరుస్తుంటే ఒళ్లు ఝల్లుమనదా మరి.

మూడు ఒకటితో ఓడిపోయాం. ఆ ఒక్కటీ గావిన్ స్ట్రోడ్‌ది. వెనక కాపలా కాయాల్సినవాడు కార్నర్ కిక్‌కి ముందుకొచ్చి తలతో కొట్టాడు. కొట్టి మా మెట్ల వైపు వేలు చూపించాడు. బడిలో నా వెనక బెంచీ. నా వైపే చూపించాడని కాదు. మెట్ల వైపు.

డిసెంబర్ 5, మంగళవారం

ఆఫీసులో కొత్తగా చేరిన ఫియోనా శనివారం ఎవరో చుట్టం వెంట ఆట చూడ్డానికి వచ్చిందట. "విరామంలో మీరంతా జెండాలూ డోలూ మోసుకుని ఊరేగింపులా అటు నుంచి ఇటు ఎందుకు నడుస్తారు?" అని అడిగింది.

"జట్లు వైపులు మారతాయి కదా. మనవాళ్లు ఏ గోల్ మీద దాడి చేస్తుంటే దాని వెనకే ఉంటాం. రెండు సగాల్లోనూ."

"ఎందుకు?"

"మన గోల్స్ దగ్గర్నుంచి చూడ్డానికి. పైగా అవతలి గోల్‌కీపర్ చెవిలో పడేట్టు తిట్టొచ్చు."

"మరి మీకు గోల్స్ పడేది అటువైపు కదా?"

అటువైపు ఏం చూస్తాం అన్నాను. నవ్వింది. దేశానికి దక్షిణం నుంచి వచ్చిన ఈ పిల్లకు పుట్టి బుద్ధెరిగాక వానలో నిలబడిన అలవాటు లేదు. పెద్ద క్లబ్బుల ఆట సోఫాలో కూర్చుని చూసే జాతి.

డిసెంబర్ 26, మంగళవారం

సున్నా నాలుగు. పండుగ మర్నాడు. బాతు మాంసం కడుపులో రాయిలా ఉంది.

జనవరి 14, ఆదివారం

తెల్లారేసరికి ఇల్లు వేడిచేసే బాయిలర్ చచ్చింది. ఇంట్లో పొగలు కక్కుతున్నది నోళ్లొక్కటే. నాన్న నలుగురికి ఫోన్ చేశాడు. ఆదివారం ఎవరూ రామన్నారు. ఐదో నంబరు దగ్గర ఆగాడు.

"చెయ్యనా?"

"నాకేం. నీ ఇష్టం."

గంటలో వచ్చాడు లూమిస్. నిన్న మనకు మూడు గోల్స్ పడేట్టు చేసిన ఆ చేతులతోనే పెట్టె పట్టుకుని. నేను పైకెళ్లి మెట్ల మలుపులో కోటు వేసుకుని కూర్చున్నాను. నాన్న గొంతు వింటే నాకే సిగ్గేసింది. నిన్న సాయంత్రం ఆ మనిషి తల్లినీ తండ్రినీ కలిపి తిట్టినవాడు, ఇవాళ "టీలో చక్కెర ఎంత వెయ్యమంటారు?" అని అడుగుతున్నాడు.

పని సాగుతుండగా మాటల్లేవు. తర్వాత ఉన్నట్టుండి కాగితం చప్పుడు. అప్పుడు గుర్తొచ్చింది. వంటింటి బల్ల మీద రేపు మోరీన్‌కి ఇవ్వాల్సిన పేజీ. పెన్సిల్ దిద్దుళ్లతో సహా.

చాలాసేపటికి లూమిస్ గొంతు. "బాగా రాస్తాడండీ ఈయనెవరో."

నాన్న దగ్గాడు. "అవునంటారు. మేం పెద్దగా చదవం."

"ఈ పంపు ఇంకెంతో కాలం రాదు. ఏప్రిల్లో ఒకసారి చూపించుకోండి."

వెళ్లాక కిందికి దిగాను. ఇల్లు వెచ్చగా ఉంది. నాన్న అన్నాడు, "మనిషి మాత్రం మంచోడు." శనివారం నాన్నే అందరికన్నా గట్టిగా అరుస్తాడు.

పేజీ యథాతథంగా ఇచ్చాను. రాసింది రాసిందే. మనిషి మంచోడైతే గోల్ ఆగుతుందా?

ఫిబ్రవరి 10, శనివారం

ఒకటి మూడు. గావిన్ మళ్లీ కొట్టాడు. మళ్లీ వేలు.

ఫిబ్రవరి 24, శనివారం

పట్టిక అడుగు నుంచి మూడో చోటు. చివరి నాలుగు జట్లూ కింది లీగుకి పోతాయి. పై నుంచి లెక్కపెడితే మాది ఏడో లీగు, ఇక ఎనిమిదోది చూడాలి. ఆ లీగులో కొన్ని మైదానాల్లో మరుగుదొడ్డికి తలుపే లేదని టెరీ అంటున్నాడు.

టీ కొట్టు దగ్గర అందరూ బీఫ్ చారు గ్లాసులు చేత్తో పట్టుకుని ఆవిరి వదులుతూ తీర్పులిచ్చారు. మేనేజరు దద్దమ్మ. ఛైర్మన్‌కి క్లబ్బు కన్నా కారు ముఖ్యం. అన్నీ తిరిగి తిరిగి లూమిస్ దగ్గరికే చేరాయి.

"మేలో వచ్చే ఏడాదికి ఎవరిని ఉంచుకుంటారో జాబితా వేస్తారుగా" అన్నాడు టెరీ. "అందులో జల్లెడ పేరు ఉండకూడదని మనమే సంతకాలు పెట్టి ఇద్దాం. కమిటీ వాళ్లకి వెన్నెముక లేదు. మనం అరువిద్దాం."

"ఎవరు రాస్తారు?" అంది మోరీన్, నా వైపు తిరిగి.

అక్కడే, చారు గ్లాసు కింద పెట్టి, పత్రిక వెనక అట్ట మీద రాశాను. నాలుగు వాక్యాలు. మొదటి సంతకం నాన్న. బాయిలర్ ఇంకా పనిచేస్తోంది.

మార్చి 9, శనివారం

ఓటమి.

మార్చి 16, శనివారం

ఓటమి. సంతకాలు నూట పన్నెండు.

మార్చి 29, శుక్రవారం

గెలిచాం. ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. టెరీ డోలు మీద జల్లెడే వాయించాడు, వేరే పాట రాక.

ఏప్రిల్ 15, సోమవారం

మాంచెస్టర్ నుంచి ఇంటర్వ్యూ పిలుపు. శనివారం పొద్దున్నే. ఎవడు పెడతాడు శనివారం ఇంటర్వ్యూ? చదువైపోయి 'ఈ వేసవి వరకే' అని ఇంటికొచ్చి మూడేళ్లయింది. వెళ్తాను. రెండో సగానికి అందుకోగలను.

ఏప్రిల్ 20, శనివారం

జాగ్రత్తగా రాయాలి ఇవాళ్టిది.

రైలు ఆలస్యమైంది. నేను మైదానం చేరేసరికి విరామం ముగుస్తోంది. సున్నా సున్నా. మావాళ్లంతా అప్పటికే డోలుతో సహా గ్యాస్ వీధి గోడ వైపు చేరిపోయారు. నేనొచ్చింది రైలు కట్ట వైపు గేటు. అటు వెళ్లాలంటే కంచె పక్క దారి పట్టాలి. రెండు రోజుల వానకు అది గేదెలు పొర్లిన మడుగులా ఉంది. కాళ్లకు కొత్త ఇంటర్వ్యూ బూట్లు.

బూట్ల కోసమే ఆగాను. ఇంకే గొప్ప కారణమూ లేదు.

కాబట్టి రెండో సగమంతా మన గోల్‌పోస్టు వెనక నిలబడ్డాను. ఒక్కదాన్నే. కంచెకీ లూమిస్ వీపుకీ మధ్య ఆరడుగులు.

మొదట తెలిసింది చప్పుడు. అతను ఆగకుండా మాట్లాడుతూనే ఉంటాడు. "ఎడమకి, ఎడమకి. గావ్, వెనక మనిషి. గావ్, వెనక్కి రా. బాగుంది, అలాగే." రేడియోలో పొలం కబుర్లు చెప్పినట్టు, విసుగు లేకుండా. ఒక్క మాటకీ గావిన్ తల తిప్పడు. వినపడక కాదు. రెండుసార్లు చేత్తో ఈగను తోలినట్టు తోలాడు.

యాభై ఎనిమిదో నిమిషం. ఎడమ నుంచి ఎత్తుగా బంతి వచ్చింది. "నాది, వదిలెయ్" అని లూమిస్ స్పష్టంగా అరిచాడు. నేను విన్నాను, రైలు కట్ట మీద కాకి కూడా విని ఉంటుంది. గావిన్ వదల్లేదు. ఎగిరాడు. బంతి అతని తలకు రాసుకుని లూమిస్ చేతుల పక్కనుంచి వలలోకి పోయింది. గావిన్ లేచి రెండు చేతులూ చాచి లూమిస్ వైపు చూశాడు. అంత దూరంలో ఉన్నవాళ్లందరికీ కనబడేట్టు. ఆ చాచిన చేతులు నాకు బాగా తెలుసు. ఏడాదంతా అటువైపు నుంచి చూసినవే. వాటిని చూసే కదా నేను ప్రతి వాక్యం రాసింది.

అప్పుడు మొదలైంది డోలు. వంద గజాల అవతలి నుంచి ఒక క్షణం ఆలస్యంగా వస్తోంది. జల్. లె. డ.

లూమిస్ బంతి కోసం కంచె దగ్గరికొచ్చాడు. నేనెవరి కూతుర్నో ఊళ్లో తెలియనివాళ్లు లేరు. వంగుతూ అన్నాడు.

"బాయిలర్ ఎలా ఉంది?"

"బానే ఉంది."

"ఏప్రిల్లో చూపించమన్నా. చూపించలేదు కదా."

"లేదు."

"ఇవాళ ఇటున్నావేం?"

"బూట్లు" అన్నాను. నోటికొచ్చింది అదే.

బూట్ల వైపు చూశాడు. "మంచివే" అని ఆటలోకి వెళ్లిపోయాడు.

రెండో గోల్. గావిన్ మైదానం మధ్య గీత దగ్గరే నిలబడి ఆఫ్‌సైడ్ అని చెయ్యెత్తాడు. లైన్‌మన్ జెండా ఎత్తలేదు. ముగ్గురు ఒక్కడి మీదికి వచ్చారు. మొదటి దెబ్బ లూమిస్ కాలితో ఆపాడు. లేచి రెండోది ఛాతీతో ఆపాడు, గుద్దు చప్పుడు నాకు నా ఒంట్లో వినబడింది. మూడోది పోయింది. మూడింట్లో రెండు ఆపినవాడికి లెక్కలో ఒకటి తిన్నట్టే ఉంటుంది.

జల్. లె. డ.

ఈసారి బంతి తీసుకుంటూ నా వైపు తిరిగాడు. మొహం మీద బురద. కోపం కనబడుతుందని చూశాను, లేదు. అలసట ఉంది.

"తలుపు లేని కొట్టం అని రాసి, కొట్టేసి, పైన తాళం మరిచిన ఇల్లు అని పెట్టావు" అన్నాడు. "కొట్టేసిన మాటే బాగుంది."

జనవరి నుంచి తెలుసన్నమాట. ఆ చేతిరాత ఉన్న ఇంటికి వెచ్చదనం ఇచ్చి వెళ్లాడు.

"జల్లెడ కూడా నువ్వేనా?"

తలూపాను.

"ఇక్కణ్ణుంచి అను ఓసారి. అక్కణ్ణుంచి సరిగా వినపడదు."

అనలేకపోయాను. అతను ఒక క్షణం చూశాడు, నిజంగానే వినాలన్నట్టు. తర్వాత రిఫరీ ఈల వేశాడు.

సున్నా రెండు.

ఈ ఏడాది మనకు పడ్డవి డెబ్బై ఆరు. ఇవాళ్టి రెండూ తీసేస్తే డెబ్బై నాలుగు. అందులో ఒక్కటి కూడా నేను వంద గజాల లోపు నుంచి చూడలేదు. నేనే కాదు, ఎవరం చూడలేదు. ఇంట్లో అయినా ఊరు కాని ఊరెళ్లినా, ప్రతిసారీ డోలు మోసుకుని అటువైపుకే నడిచాం.

ఏప్రిల్ 21, ఆదివారం

నాన్నతో చెప్పబోయాను.

"నిన్న రెండో సగం నేను మన గోల్ వెనక ఉన్నా."

మాంసం కోస్తున్న కత్తి ఆగింది. "ఎక్కడ?"

"మన గోల్ వెనక. రైలు కట్ట వైపు."

"అక్కడెందుకు నిలబడ్డావు?"

"దారి బురదగా ఉందని."

"అక్కడ పక్క ఊరివాళ్లు నిలబడతారమ్మా. ఎవరన్నా చూశారా నిన్ను?"

"నాన్నా, విను. ఆ మొదటి గోల్..."

"టెరీ అడిగాడు నువ్వేదని. రైలు ఆలస్యమని చెప్పా. అలాగే ఉండనీ."

ఆ తర్వాత బంగాళాదుంపలు ఎక్కువ వేగాయన్న సంగతి మీదికి మాట మళ్లింది. చెప్పడానికి వీలు పడలేదు.

ఏప్రిల్ 24, బుధవారం

టెరీ ఫోన్. శుక్రవారం మూడో తేదీన క్లబ్బు గదిలో ఏడాది ముగింపు సభ. లూమిస్‌కి వేదిక మీద నిజం జల్లెడ ఇద్దామని అతని ఆలోచన. "నీ ఆఫీసు సంత పక్కనేగా, ఒకటి కొనుక్కురా."

మధ్యాహ్నం వెళ్లాను. సామాన్ల కొట్టావిడ అడిగింది, "పిండికా తల్లీ, టీకా?"

"పిండికి."

"పెద్దదా, చిన్నదా?"

పెద్దది తీసుకున్నాను. నేను కొనకపోతే టెరీయే కొంటాడు. ఎవరో ఒకరు కొనేదే.

ఏప్రిల్ 27, శనివారం

ఆఖరి ఆట. గెలిస్తే ఉంటాం. ఒకటి మూడు. దిగిపోయాం.

రెండు సగాల్లోనూ అందరితోనే నిలబడ్డాను. విరామంలో అందరితోనే నడిచాను. పాత బూట్లే వేసుకున్నాను, కాబట్టి ఆగడానికి కారణం లేదు.

జల్లెడ అని నేను అరవలేదు. పెదాలు కదిపానంతే. డోలు మోతలో ఆ తేడా ఎవరికి తెలుస్తుంది?

మూడో గోల్ పడ్డప్పుడు దూరంగా గావిన్ చేతులు చాచాడు. నాన్న, "పాపం, చూడు ఆ కుర్రాడు, ఎన్నని మోస్తాడు" అన్నాడు.

మే 2, గురువారం

రేపటి సభలో ఏడాది సమీక్ష చదవాల్సింది నేనే. మోరీన్ తేల్చేసింది. "మూడో మెట్టు ఎవరో జనానికి తెలిసే రోజు వచ్చింది బంగారం."

నాలుగు పేజీలు రాశాను. మూడో పేజీలో ఆ విషయం ఉంది. మేం ఎక్కడ నిలబడ్డామో, ఎక్కడ నిలబడలేదో. గావిన్ పేరుతో సహా. ఆ సంతకాల కాగితం వెనక్కి తీసుకోవాలని కూడా. ఏడాదంతా నేను రాసినవాటిలో నిజంగా బాగున్న పేజీ అదొక్కటే.

మే 3, శుక్రవారం

క్లబ్బు గదిలో వందమంది పైనే. చిప్స్, బఠానీ ముద్ద, వెనిగర్ వాసన. ఛైర్మన్ లేచి 'నిర్మాణంలో ఉన్న సంవత్సరం' అన్నాడు. "ఏం కడుతున్నావ్, సమాధా?" అని వెనక నుంచి ఎవరో. మేనేజరు మాట్లాడుతుంటే కుర్చీలు జరిగాయి. ఒక ముసలాయన మైకు లాక్కుని తాను అరవై ఏళ్లుగా వస్తున్నాననీ, ఇంత చచ్చు జట్టును తన పెళ్లినాడు కూడా చూడలేదనీ చెప్పి కూర్చున్నాడు. పెళ్లికీ జట్టుకీ సంబంధం ఎవరూ అడగలేదు. ఆయన భార్య మాత్రం చిప్స్ తినడం ఆపింది.

అభిమానుల ఓట్లతో ఉత్తమ ఆటగాడు గావిన్. నిలబడి చప్పట్లు. వేదిక దిగుతూ నా పక్కనుంచి పోతూ, "బాగా రాస్తావట కదా కెల్లీ" అన్నాడు.

నా పేరు కీలీ. ఐదేళ్లు వాడి ముందు బెంచీలో కూర్చున్నాను.

లూమిస్ తలుపు దగ్గర, గోడకు ఆనుకున్న వేడి గొట్టం పక్కన భార్యతో కూర్చున్నాడు. ఆమెను మొదటిసారి చూశాను. సన్నటి మనిషి, పని బట్టల్లోనే వచ్చింది. టెరీ మైకులో, "ఇంకొక బహుమతి, మా అందరి తరపున" అనగానే ఆమె ముఖం విప్పారింది. ఆయనకు నిజంగానే ఏదో ఇస్తున్నారనుకుంది. లూమిస్ ఆమె చేతి మీద చెయ్యి వేసి లేచాడు.

టెరీ రంగు కాగితం విప్పి జల్లెడ పైకెత్తాడు. నవ్వులు పైకప్పు తాకాయి. మోరీన్ బల్ల మీద గ్లాసుతో కొట్టింది. నాన్న కళ్లు తుడుచుకున్నాడు నవ్వి నవ్వి.

లూమిస్ దాన్ని తీసుకుని వెలుగుకు ఎదురుగా పట్టి చూశాడు. మైకు అడగలేదు. ముందు వరుసకు వినబడేట్టు అన్నాడు.

"మంచిది. మా ఇంట్లోది పోయిన నెల విరిగింది."

వెళ్లి కూర్చుని భార్య ఒడిలో పెట్టాడు. ఆమె దాన్ని తలకిందులుగా తిప్పి పట్టుకుంది, లోపల ఏదో ఉన్నట్టు. నవ్వలేదు, ఏడవలేదు. గదిలో ఒక్కొక్కర్నీ వరసగా చూసింది. నా దగ్గరికి వచ్చేసరికి నేను కాగితాలు సర్దుకుంటున్నాను.

తర్వాత నన్ను పిలిచారు. చదివాను. మొదటి పేజీకి నవ్వారు. రెండో పేజీకి ఇంకా నవ్వారు. అప్పటికే ఎనిమిదయింది, లాటరీ చీట్లు తీయాల్సి ఉంది, మోరీన్ గడియారం చూపిస్తోంది. రెండో పేజీ నుంచి నాలుగో పేజీకి వెళ్లాను.

నిడివి ఎక్కువైంది. అందుకే.

మే 8, బుధవారం

జాబితా వచ్చింది. లూమిస్ పేరు లేదు. గావిన్ కెప్టెన్.

మే 13, సోమవారం

మాంచెస్టర్ ఉద్యోగం రాలేదు. నాకన్నా అనుభవం ఉన్నవారు దొరికారట. చెత్తడబ్బాల గురించి నాకన్నా అనుభవం ఎవరికుంటుందో నాకు చూపించమనండి.

జూన్ 19, బుధవారం

బాయిలర్ పోయింది. పంపు.

"ఫోన్ చెయ్యమ్మా ఆయనకి" అన్నాడు నాన్న.

"నువ్వే చెయ్యి."

"నువ్వు చదువుకున్నదానివి, మాట తీరు తెలుసు."

"మొదటి సంతకం నీది నాన్నా."

ఎవరమూ చెయ్యలేదు. చన్నీళ్లతో స్నానం. వేసవే కదా, పర్లేదు అని ఇద్దరం అనుకున్నాం, వేర్వేరు గదుల్లో.

జూన్ 27, గురువారం

వేరే ఊరి నుంచి మనిషి వచ్చాడు. ఏప్రిల్లోనే చూపించుకోవాల్సింది అన్నాడు.

ఆగస్టు 31, శనివారం

కింది లీగు. మరుగుదొడ్లకు తలుపులున్నాయి. టెరీకి అదో నిరాశ.

ఇవాళ మన మైదానానికి కార్‌బ్రీ రోవర్స్ వచ్చింది. వాళ్ల గోల్‌కీపర్ క్రెయిగ్ లూమిస్. వారం రోజులుగా ఊళ్లో ఇదే మాట. జనం ఇళ్లలోంచి జల్లెడలు తెచ్చారు, గరిటెలు తెచ్చారు. డెబ్బై ఎనభై జల్లెడలు ఒక్కసారి మోగితే ఎలా ఉంటుందో ఇవాళ విన్నాను. సామాన్ల కొట్టావిడకు మంచి వారం.

అవతలి గోల్‌కీపర్ కాబట్టి అతని వెనకే నిలబడ్డాం. మొదటిసారి మా అందరికీ లూమిస్‌కీ మధ్య ఆరడుగులు. నాన్న కంచె మీదికి వంగి, "ఏవయ్యా, ఇంట్లో పిండి జల్లించుకుంటున్నావా?" అన్నాడు. లూమిస్ వెనక్కి తిరగలేదు. వాళ్ల రక్షణ ఆటగాళ్లతో మాట్లాడుతూనే ఉన్నాడు. "ఎడమకి. వెనక మనిషి. బాగుంది, అలాగే." వాళ్లు విన్నారు. చెప్పిన చోటికి కదిలారు. "వదిలెయ్" అంటే వదిలారు.

ఇరవయ్యో నిమిషంలో గావిన్ తలతో కొట్టిన బంతిని వేళ్ల చివర్లతో కడ్డీ మీదుగా తోశాడు. జల్లెడల మోత కొంచెం తగ్గింది. ముప్పై ఐదో నిమిషంలో రెండడుగుల దూరం నుంచి వచ్చిన దెబ్బ ఛాతీతో ఆపాడు. అదే చప్పుడు. ఈసారి అందరూ విన్నారు. మోరీన్ గరిటె దించింది.

విరామం. మేం డోలు ఎత్తుకుని కంచె పక్కన నడిచాం. మైదానంలో లూమిస్ చేతి తొడుగులు చంకలో పెట్టుకుని అదే వైపుకు నడిచాడు. మళ్లీ అతని వెనకే నిలబడ్డాం. ఒక ఏడాది మా వాడై ఉన్నప్పుడు ఒక్కసారీ దగ్గరికి పోలేదు. పరాయివాడయ్యాక తొంభై నిమిషాలూ వదల్లేదు.

ఎనభయ్యో నిమిషంలో మనకు పెనాల్టీ. గావిన్ కొట్టాడు. లూమిస్ కుడికి పడి రెండు చేతులతో పట్టేశాడు. పట్టి బంతిని కాసేపు అలాగే కౌగలించుకుని పడుకున్నాడు. లేస్తూ ఒకసారి మా మెట్ల వైపు చూశాడు. నా బూట్ల వైపు చూశాడేమో తెలియదు.

సున్నా ఒకటి.

చివరి ఈల అయ్యాక ఎవరూ కదల్లేదు. నాన్న కంచె పట్టుకుని నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, కోపంతోనే.

"మన దగ్గరున్నప్పుడు ఒక్కరోజన్నా ఇలా ఆడాడా?"

"అదేగా" అన్నాడు టెరీ. "మన జెర్సీ అంటే లెక్కలేదు వాడికి."

"ఆడాడు" అన్నాను.

ఇద్దరూ తిరిగారు. మోరీన్ కూడా.

"ఎప్పుడు?"

"ప్రతి వారం. ఏప్రిల్లో నేను చూశాను. మన గోల్ వెనక నిలబడ్డ రోజు. ఆ గోల్స్ అతనివి కావు. గావిన్‌వి."

నన్ను తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. నాన్న చాలాసేపు నా మొహం చూశాడు, ఆ మొహం ఎవరిదో గుర్తుపట్టాలన్నట్టు.

"చూశావా?"

"చూశాను."

"చూస్తే మరి చెప్పలేదేం?"

అంతలో టెరీ డోలు భుజానికెత్తుకున్నాడు, జనం గేటు వైపు కదిలారు. ఇంటికొచ్చి గంటయింది. నాన్న కింద వంటింట్లోనే ఉన్నాడు, కోటు విప్పలేదు. జవాబు కోసం కూర్చున్నాడు.

మూడో పేజీ ఇంకా సొరుగులోనే ఉంది. తీసుకుని కిందికి వెళ్తున్నాను.